నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చేదెవరు? సీనియర్ ఫైర్ ఇన్వెస్టిగేటర్ పని, అర్హతలు

అగ్నిప్రమాద దర్యాప్తులో ప్రధానంగా అడగాల్సినవి రెండే ప్రశ్నలు: మంట ఎక్కడ మొదలైంది, ఎలా మొదలైంది. వీటి వరస మారకూడదు. మొదలైన చోటు తేలకుండా కారణం గురించి మాట్లాడితే అది ఊహాగానమే. ఏ వస్తువు ముందు అంటుకుంది, దాన్ని అంటించిన వేడి ఎక్కడిది, ఆ రెండూ ఒకచోటికి ఎలా చేరాయి అన్న మూడు సంగతులూ పొసిగితేనే దాన్ని కారణం అనాలి. మూడింట్లో ఒకటి తెలియకపోయినా నివేదికలో ఆ ఖాళీ ఖాళీగానే కనబడాలి.

దొంగతనం కేసులో నేరం జరిగిందన్న సంగతి ముందే తెలుసు, చేసిందెవరో వెతకాలి. అగ్నిప్రమాదంలో అసలు నేరమంటూ జరిగిందా అన్నదే దర్యాప్తు అధికారి మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆ మాట తప్పితే, జరగని నేరానికి ఒక మనిషి ముద్దాయి అవుతాడు. ఈ వృత్తిలో సీనియర్ అన్న హోదా కేవలం ఏళ్ల లెక్కతో వచ్చేది కాకూడదనడానికి ఇదే కారణం.

వంటింట్లో నూనె మూకుడు అంటుకుంటేనో, ఒక కారు కాలిపోతేనో జూనియర్లు వెళ్లి చూసి నివేదిక రాస్తారు. ప్రాణాలు పోయిన ఘటనలు, భారీ నష్టం జరిగినవి, అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డవి, ఒకే ప్రాంతంలో వరసగా జరుగుతున్న మంటలు సీనియర్ చేతికి వస్తాయి. వీటికి తోడు జూనియర్ల నివేదికల సమీక్ష, సాక్ష్యాల గది బాధ్యత, రాత్రి పిలుపులకు ఎవరు వెళ్లాలో డ్యూటీ చార్టు, పోలీసులతో, ప్రాసిక్యూటర్లతో, ల్యాబ్‌తో, బీమా కంపెనీలు పంపే ఇంజనీర్లతో సమన్వయం, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం. కొన్ని చోట్ల ఈ అధికారికి అరెస్టు చేసే అధికారం, ఆయుధం కూడా ఉంటాయి. మరికొన్ని చోట్ల మూలం, కారణం తేల్చడం వరకే వీరి పని, ఆపైన పోలీసులు చూసుకుంటారు. పద్ధతి ఏదైనా, జూనియర్ "పెట్రోలు పోసి తగలబెట్టారు" అని రాసుకొస్తే "నీకెలా తెలుసు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకుండా కూర్చోవడమే సీనియర్ పనిలో ముఖ్యమైన భాగం.

ఘటనాస్థలంలో

మంట ఆరిందంటే ప్రమాదం తీరినట్టు కాదు. రాజుకుంటున్న శిథిలాల నుంచి కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సయనైడ్ వస్తూనే ఉంటాయి. నీళ్లు పీల్చుకున్న పైకప్పు బరువెక్కి ఉంటుంది, కాలిన దూలం ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. పాత కట్టడాల్లో ఆస్బెస్టాస్ పొడి సరేసరి. కరెంటు, గ్యాస్ కట్ చేశారని ఎవరో చెప్పిన మాట నమ్మకుండా స్వయంగా మీటర్‌తో చూసుకోవాలి. పూర్వం ఈ వృత్తిలో ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా బూడిదలో మోకాళ్లమీద కూర్చుని తవ్వేవాళ్లు. ఇప్పుడు సన్నని ధూళినీ, రసాయన ఆవిర్లనూ ఆపే ఫిల్టర్లున్న మాస్కు లేకుండా లోపలికి పంపే సీనియర్‌ను బాధ్యత తెలిసినవాడనలేం.

లోపలికి వెళ్లేముందే మొదట వచ్చిన ఫైరింజన్ సిబ్బందితో మాట్లాడాలి. అది వాళ్లు స్టేషన్‌కు తిరిగి వెళ్లకముందే జరగాలి. వచ్చేసరికి మంట ఏ కిటికీలోంచి వస్తోంది, తలుపులు వేసి ఉన్నాయా, తాళం ఎవరు పగలగొట్టారు, ఏ అద్దాలు తామే కొట్టారు, మొదటి నీళ్లు ఎక్కడ పడ్డాయి, పొగ అలారం మోగుతోందా. ఈ వివరాలు గంటల్లోనే కలగాపులగమైపోతాయి. మంట మళ్లీ రాజుకోకుండా సిబ్బంది కాలిన సామాను బయటికి ఎత్తిపోసే దశలో దర్యాప్తుకు జరిగే నష్టం అంతా ఇంతా కాదు. స్టవ్ నాబ్ ఏ స్థితిలో ఉందన్నది కేసు మొత్తాన్ని తిప్పేయగలదు, ఒక మోచేయి తగిలితే అది మారిపోతుంది. అందుకే అనుభవమున్న అధికారి ముందు సిబ్బంది నాయకుణ్ణి పట్టుకుని, ఏ గదిలో అవసరానికి మించి కదపకూడదో చెబుతారు.

ఆ తర్వాత కట్టడం చుట్టూ బయట నుంచి ఒక తిరుగుడు. నాలుగు వైపులా ఫోటోలు. లోపల తక్కువ కాలిన చోటు నుంచి ఎక్కువ కాలిన చోటికి నడక. ప్రతి గదికీ నాలుగు మూలల నుంచి, సీలింగ్ నుంచి నేల దాకా ఫోటోలు, ప్రతి ఫోటోకూ లాగ్‌లో ఒక వరస. కొలతలతో స్కెచ్. ఇవన్నీ అయ్యేదాకా ఏ వస్తువునూ కదపకూడదు. తవ్వకం మొదలైతే పొరలు పొరలుగా: పైన పైకప్పు ముక్కలు, దాని కింద సీలింగ్, దాని కింద సామాను, అడుగున నేల. ఒక వస్తువు ఏ పొరలో దొరికిందన్నది ఆ వస్తువంత ముఖ్యం. నేలకు ఆనుకుని, శిథిలాల అడుగున, మసి అంటని కిటికీ గాజు ముక్కలు దొరికితే పొగ పట్టకముందే ఆ అద్దం పగిలిందని అర్థం. అదే గాజు మసి పట్టి, సీలింగ్ ముక్కల పైన పడి ఉంటే కథ వేరు. తలుపు మూసి ఉందా తెరిచి ఉందా అన్నది కీళ్లు చెబుతాయి. కీలు రెక్కల మధ్య మెరుపు మిగిలిందంటే మంట సమయంలో తలుపు మూసే ఉంది. నేల శుభ్రం చేశాక కుర్చీ కాళ్ల కింద, మంచం కోళ్ల కింద కాలకుండా మిగిలిన ముద్రలు కనబడతాయి. వాటిని బట్టి సామానును మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి చూస్తారు. మట్టిలో కూరుకున్న నాలుగు కాళ్ల ఇనుప చట్రం ఒక మూల పెట్టిన టేబులని, దాని మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉండేదని అప్పుడు తెలుస్తుంది.

ఫ్లాష్‌ఓవర్ చేసే మోసం

గదిలో సోఫా లాంటి ఒక్క వస్తువు అంటుకుంటే వేడి వాయువులు పైకెక్కి సీలింగ్ కింద పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, నేల మీద చదరపు మీటరుకు సుమారు 20 కిలోవాట్ల వికిరణ వేడి పడేసరికి గదిలో మిగిలినవన్నీ ఇంచుమించు ఒక్కసారిగా అంటుకుంటాయి. అదే ఫ్లాష్‌ఓవర్. ఫోమ్ సోఫాలు, సింథటిక్ కార్పెట్లు ఉన్న గదిలో దీనికి ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. అంతవరకు మంట సామాను ఉన్నచోట కాలుతుంది, అక్కడి నుంచి గాలి దొరికిన చోట కాలుతుంది. తలుపు ఎదురుగా, కిటికీ కింద, గాలి వచ్చే దారి పొడవునా గోడలు తెల్లబడేంతగా, నేల చిల్లులు పడేంతగా కాలిపోతాయి. మంట పుట్టిన మూల మాత్రం గాలి అందక మసిబారి ఊరుకోవచ్చు. ఎక్కువ కాలిన చోటే మంట మొదలైన చోటు అన్న పాత సూత్రం ఇక్కడే బోల్తా పడుతుంది.

2005లో అమెరికాలో ఏటీఎఫ్ (ఆయుధాలు, పేలుళ్లు, నిప్పు పెట్టిన కేసులు చూసే కేంద్ర సంస్థ) నిపుణులు లాస్ వేగాస్‌లో రెండు పడకగదులను తగలబెట్టి, ఫ్లాష్‌ఓవర్ తర్వాత సుమారు రెండు నిమిషాలు కాలనిచ్చి ఆర్పేశారు. తర్వాత 53 మంది దర్యాప్తు అధికారులను పిలిచి, గదిని నాలుగు భాగాలుగా చేస్తే మంట ఏ భాగంలో మొదలైందో చెప్పమన్నారు. మొదటి గదిలో సరిగ్గా చెప్పినవాళ్లు ముగ్గురు. రెండో గదిలోనూ ముగ్గురే, అదీ వేరే ముగ్గురు. కళ్లు మూసుకుని చెప్పినా నలుగురిలో ఒకరికి తగలాలి కదా. అంటే వాళ్లకు తెలియకపోవడం ఒక్కటే సమస్య కాదు, తెలిసిందనుకున్న నియమం వాళ్లను తప్పు మూలకు నడిపించింది.

దీనికి పదిహేనేళ్ల ముందే ఒక గట్టి హెచ్చరిక వచ్చింది. 1990లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో లైమ్ స్ట్రీట్ ఇల్లు కాలి ఆరుగురు చనిపోయారు. నడవా నేల మీద ద్రవం ఒలకబోసినట్టున్న గుర్తులు చూసి, ప్రాణాలతో బయటపడ్డ వ్యక్తి మీద హత్య కేసు పెట్టారు. కేసును పటిష్ఠం చేద్దామని ప్రాసిక్యూషనే నిపుణులను పిలిపించింది. పక్కనే అదే నమూనాలో కట్టిన పాడుబడ్డ ఇల్లు ఒకటి దొరికింది. దానికి అలాంటి కార్పెట్, అలాంటి సామాను అమర్చి, చుక్క పెట్రోలు లేకుండా సోఫా అంటించారు. ఐదు నిమిషాల లోపే ఫ్లాష్‌ఓవర్ వచ్చింది, నడవాలో అచ్చం అవే గుర్తులు పడ్డాయి. కేసు ఎత్తేశారు. ప్రాసిక్యూషన్ తన వాదనను తానే పరీక్షకు పెట్టి, ఫలితాన్ని ఒప్పుకున్న ఈ ఉదంతాన్ని ఏ శిక్షణ తరగతిలోనైనా మొదటి రోజే చెప్పాలి.

అందరికీ ఆ అవకాశం దక్కలేదు. 1991 డిసెంబరులో టెక్సస్‌లోని కార్సికానాలో ఒక ఇల్లు కాలి ముగ్గురు పసిపాపలు చనిపోతే, తండ్రి కెమరాన్ టాడ్ విల్లింగ్‌హామ్‌కు మరణశిక్ష పడింది. నేలమీది గుర్తులు, పగుళ్లు పట్టిన గాజు వంటివి నిప్పు పెట్టారనడానికి రుజువులని దర్యాప్తు అధికారులు సాక్ష్యం చెప్పారు. 2004లో శిక్ష అమలైంది. ఆ రుజువుల్లో ఏ ఒక్కదానికీ శాస్త్రీయ ఆధారం లేదని టెక్సస్ ఫోరెన్సిక్ సైన్స్ కమిషన్ కోసం 2009లో తయారైన నిపుణుడి నివేదిక తేల్చింది.

పాత నమ్మకాలు అంత తేలిగ్గా పోవు. గాజు మీద సన్నని సాలెగూడు పగుళ్లు ఉంటే మంట అతివేగంగా పెరిగిందనేవారు. నిజానికి వేడెక్కిన గాజు మీద ఆర్పే నీళ్లు పడితే ఆ పగుళ్లు వస్తాయి. కాంక్రీటు పెచ్చులూడితే పెట్రోలు పోశారనేవారు. లోపలి తేమ ఆవిరై, పైపొర ఎక్కువగా వ్యాకోచించి పెచ్చు లేస్తుంది. పైగా కాలుతున్న ద్రవం ఉన్నంతసేపూ కింది కాంక్రీటును కాపాడుతుంది. మొసలి చర్మంలా మెరిసే పెద్ద బొగ్గు గళ్లు వేగమైన మంటకు గుర్తన్న మాటకూ ఆధారం లేదు. రాగి తీగ కరిగిందంటే మామూలు మంట కాదనేవారు. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర, ఫ్లాష్‌ఓవర్ తర్వాత బాగా గాలి ఆడే గదిలో ఆ వేడి రావడం వింతేమీ కాదు. 660 డిగ్రీలకే కరిగే అల్యూమినియం చుక్కలుగా రాగి మీద పడితే ఆ రెండూ కలిసి ఇంకా తక్కువ వేడికే కరిగిపోతాయి. అసలు పెట్రోలు మంట వేడి కట్టె మంట వేడికి దగ్గరగానే ఉంటుంది. పెట్రోలు వేడిని తొందరగా వదులుతుంది, అంతే. నేల మీద పలచగా పోసిన పెట్రోలు చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో కాలిపోతుంది. 1991లో కాలిఫోర్నియా ఓక్లాండ్ కొండల్లో కార్చిచ్చు చెలరేగి వేలాది ఇళ్లు కాలాయి. వాటిలో 50 ఇళ్ల శిథిలాలు పరిశీలించినవారికి కరిగిన రాగి, పగుళ్ల గాజు, కుంగిపోయిన పరుపు స్ప్రింగులు దొరికాయి. ఆ ఇళ్లలో ఎవరూ పెట్రోలు పోయలేదు.

షార్ట్ సర్క్యూట్ అనే సులువు జవాబు

"షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు" అన్న వాక్యం వార్తల్లో ఎంత అలవాటైపోయిందంటే, దాన్నెవరూ ప్రశ్నించరు. నిజమైన షార్ట్ సర్క్యూట్ జరిగితే బ్రేకర్ సాధారణంగా క్షణంలో పడిపోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది వదులుగా ఉన్న జాయింట్. స్విచ్ బోర్డులో స్క్రూ సరిగా బిగించకపోతే అక్కడ నిరోధం పెరిగి ఎర్రగా కాగుతుంది. 15 నుంచి 20 ఆంపియర్లు ప్రవహించే సర్క్యూట్‌లో అలాంటి ఒక్క జాయింట్ 30, 40 వాట్ల వేడి పుట్టించగలదు. కరెంటు మోతాదు మామూలుగానే ఉంటుంది కాబట్టి బ్రేకర్‌కు తేడా తెలియదు.

శిథిలాల్లో దొరికిన తీగ చివర గుండ్రటి పూస ఉంటే, పూసకూ మామూలు తీగకూ మధ్య స్పష్టమైన హద్దు ఉంటే, అది ఆర్క్ (తీగల మధ్య ఖాళీలో కరెంటు దూకి లేచే మెరుపు) వల్ల కరిగింది. మంట వేడికి కరిగిన తీగ సన్నబడి, జారి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ పూస చెప్పేది ఒక్కటే: ఇన్సులేషన్ పోయిన సమయానికి తీగలో కరెంటు ఉంది. కరెంటు మంటను పుట్టించిందా, మంట తీగను కాల్చి ఆర్క్ తెప్పించిందా అన్నది పూసను చూసి చెప్పలేం. నూటికి తొంభై మంది జూనియర్లు తొందరపడేది ఇక్కడే అంటే అతిశయోక్తి అనుకున్నా పర్వాలేదు. బ్రేకర్ పడిపోయి ఉండటం కూడా అంతే, చుట్టూ ఉన్న వేడికి కూడా అది పడుతుంది. అనుమానమున్న ఉపకరణాన్ని అక్కడికక్కడ విప్పకూడదు. ఉన్నదున్నట్టు ఎత్తి, ముందు ఎక్స్‌రే తీయించి, తయారీదారుతో సహా సంబంధమున్న అన్ని పక్షాలకూ నోటీసు ఇచ్చి, అందరి ఎదుట విప్పాలి. ఒక్కరే ఉండి విప్పితే సాక్ష్యం పాడుచేశారన్న అభియోగం వస్తుంది, అది నిలుస్తుంది కూడా.

నమూనా తీయడం

పెట్రోలు లాంటి ద్రవం వాడారని అనుమానం ఉంటే ల్యాబ్‌కు ఏం పంపాలన్నది సగం నైపుణ్యం. బాగా మాడి బొగ్గైన చోట ద్రవం మిగలదు. మిగిలేది దాక్కున్న చోట: కార్పెట్ కింది మెత్తలో, గోడ అంచు చెక్కపట్టీ వెనక, నేల పలకల సందుల్లో, కాలిన మచ్చకు అంచున. ప్రతి నమూనాకూ కొత్త గ్లవ్స్ వేసుకోవాలి, తాపీ, కత్తెర వంటి పనిముట్లను కడిగి తుడవాలి. గ్లవ్స్ మార్చినట్టు ఫోటో ఉంటే కోర్టులో ఒక గంట ఆదా అవుతుంది. నమూనాను లోపల పూత ఉన్న కొత్త రేకు డబ్బాలో వేసి, మూడింట రెండు వంతులకు మించి నింపకుండా, పైన ఖాళీ ఉంచి మూత గట్టిగా కొట్టాలి. ల్యాబ్ పరీక్షించేది ఆ ఖాళీలో చేరిన ఆవిరినే. మామూలు పాలిథిన్ సంచి పనికిరాదు, దానిలోంచి ఆవిరి బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది. దీనికోసం ప్రత్యేకంగా చేసిన సంచులు వేరే ఉన్నాయి. గాజు సీసా మంచిదే కానీ మూతలోని రబ్బరును పెట్రోలు ఆవిరి తినేస్తుంది. మట్టి నమూనా అయితే అందులోని సూక్ష్మజీవులు పెట్రోలును తింటాయి కాబట్టి వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి.

చాలామంది మరిచేది పోలిక నమూనా. అదే కార్పెట్ ముక్క, అదే మెత్త, అనుమానం లేని చోట నుంచి విడిగా ఒక డబ్బాలో పంపాలి. కాలిన సింథటిక్ కార్పెట్ తనంతట తానే స్టైరీన్, టోలుయీన్ లాంటివి వదులుతుంది. దేవదారు జాతి మెత్తటి కలపలో టర్పెంటైన్‌లో ఉండే పదార్థాలు సహజంగానే ఉంటాయి. నేలకు వేసిన పాలిష్‌లో, జిగురులో పెట్రోలియం ద్రావకాలు ఏళ్ల తరబడి నిలిచి ఉండొచ్చు. పోలిక నమూనా లేకపోతే ఇవన్నీ నేరంగా కనిపించే ప్రమాదం ఉంది. ఇంకో ఇబ్బంది సొంత సిబ్బంది నుంచే వస్తుంది. పెట్రోలుతో నడిచే రంపం, జనరేటర్ లోపలికి తెచ్చి అక్కడే ఇంధనం పోస్తే ఆ గది నమూనాలకు విలువ ఉండదు.

ల్యాబ్‌లో డబ్బా లోపల యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టీ వేలాడదీసి, 60 నుంచి 80 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. పట్టీ పట్టుకున్న ఆవిరిని ద్రావకంతో దించి, అందులో ఏ పదార్థాలున్నాయో విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పరీక్షిస్తారు. ఒక మైక్రోలీటరులో పదో వంతు పెట్రోలున్నా దొరికేంత సున్నితమైన పద్ధతి ఇది. ఆ సున్నితత్వమే చిక్కు కూడా: మోటారు మెకానిక్ చెప్పుల్లో పెట్రోలు ఉంటే అది అతని వృత్తిని చెబుతుంది, నేరాన్ని కాదు. వాసన పట్టే శిక్షణ పొందిన కుక్కలు ఎక్కడ నమూనా తీయాలో చూపిస్తాయి, అక్కడివరకు అవి అమూల్యం. ల్యాబ్ కాదన్నా కుక్క అవునంది అని కోర్టులో చెప్పడం మాత్రం కుదరదు. పనిలో పనిగా ఇంకో మాట. వెలుగుతున్న సిగరెట్ పెట్రోలు మడుగులో పడి భగ్గుమనడం సినిమాల్లో జరుగుతుంది. ఏటీఎఫ్ పరిశోధకులు వేల సార్లు ప్రయత్నించినా సిగరెట్ నిప్పుకు పెట్రోలు ఆవిరి అంటుకోలేదు.

మృతదేహం ఉన్నప్పుడు

మరణం ఉన్న కేసులో శవాన్ని కదిపేముందు దాని కింది భాగాన్ని కాపాడుకోవాలి. శరీరం కింద చిక్కిన బట్టల్లో, కార్పెట్‌లో మిగతా గదంతా కాలినా ఆధారం నిలిచి ఉంటుంది. చేతులు బాక్సింగ్‌కు దిగినట్టు ముడుచుకుని ఉంటే అది పెనుగులాట కాదు, వేడికి కండరాలు కుంచించుకుపోయిన ఫలితం. పుర్రె పగుళ్లు, పుర్రె లోపల రక్తం గడ్డకట్టడం కూడా వేడి వల్లే రావచ్చు. మంట మొదలయ్యేటప్పటికి మనిషి బతికే ఉన్నాడా అన్నదానికి శ్వాసనాళంలో మసి, రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) శాతం చూస్తారు. పొగతాగేవారిలో అది 10 శాతం దాకా మామూలుగానే ఉండొచ్చు, 50 శాతం దాటితే సాధారణంగా ప్రాణాంతకం. శాతం తక్కువ ఉన్నంత మాత్రాన ముందే చంపారని అనుకోకూడదు. ఫ్లాష్‌ఓవర్‌లో చిక్కినవారు విషవాయువు పీల్చేంత వ్యవధి లేకుండా వేడికే చనిపోవచ్చు.

ముందే తెలిసిన కథ

ఇంటి యజమాని అప్పుల్లో ఉన్నాడని, పోయిన నెలే బీమా పెంచాడని ఎవరో చెవిన వేస్తే, బూడిదలో కనిపించే ప్రతి మచ్చా పెట్రోలు మచ్చలానే కనిపిస్తుంది. అందుకే జాగ్రత్తగల సీనియర్లు పని విడగొడతారు: శిథిలాలు చూసేవాళ్లకు మూలం తేలేదాకా ఆర్థిక వివరాలు చెప్పరు, ఆ వివరాలు సేకరించే పని వేరేవాళ్లకు ఇస్తారు. ఇద్దరే ఉన్న చిన్న విభాగంలో ఇది అన్నిసార్లూ కుదరదు. అప్పుడు కనీసం ఏ సమాచారం ఎప్పుడు తెలిసిందో తేదీ, సమయంతో రాసిపెట్టుకోవాలి.

అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్ని భద్రతా ప్రమాణాలు రూపొందించే జాతీయ సంఘం) 1992లో మొదటిసారి ప్రచురించిన 921 మార్గదర్శి శాస్త్రీయ పద్ధతినే పాటించమంటుంది: సమాచారం సేకరించు, విశ్లేషించు, సాధ్యమైన వాదనలన్నీ పెట్టుకో, ఒక్కొక్కదాన్నీ కూలగొట్టడానికి ప్రయత్నించు, నిలబడ్డదాన్ని తీసుకో. ఏదీ నిలబడకపోతే, లేదా రెండు సమానంగా నిలబడితే కారణం "నిర్ధారించలేదు" అని రాయాలి. ప్రమాదానికి ఆధారం దొరకలేదు కాబట్టి ఎవరో నిప్పు పెట్టి ఉంటారని తేల్చే పద్ధతి ఒకటి చాలాకాలం నడిచింది, 2011 సంచికలో 921 దాన్ని స్పష్టంగా తోసిపుచ్చింది. అగ్గిపెట్టె దొరకలేదు, కాబట్టి అగ్గిపెట్టెతోనే అంటించి వెంట తీసుకుపోయారు అనడం ఎంత విడ్డూరమో రాసి చూసుకుంటే తెలుస్తుంది. పై అధికారులకు "నిర్ధారించలేదు" అన్న మాట నచ్చదు, ఆ గడి నిండితే పనితీరు బాగాలేదంటారు. ఆ ఒత్తిడిని తన దగ్గరే ఆపి కిందివాళ్ల దాకా రానివ్వకపోవడం సీనియర్ బాధ్యత.

చట్టం వైపు రెండు సంగతులు. అమెరికా సుప్రీంకోర్టు 1978 నాటి మిషిగన్ వర్సెస్ టైలర్ తీర్పు ప్రకారం మంట ఆర్పడానికి వెళ్లినవారు ఆ తర్వాత సబబైన కొంత సమయం వరకు కారణం వెతకొచ్చు. అక్కడి నుంచి వెళ్లిపోయి రోజుల తర్వాత తిరిగివస్తే వారంట్ లేదా యజమాని సమ్మతి కావాలి. అలాగే అదే కోర్టు నిపుణుల సాక్ష్యం గురించి ఇచ్చిన 1993 డాబర్ట్, 1999 కుమ్హో టైర్ తీర్పుల తర్వాత నిపుణుడి అనుభవం ఒక్కటే చాలదు. ఏ పద్ధతిలో ఆ నిర్ణయానికి వచ్చారో, ఆ పద్ధతి నమ్మదగినదేనా అన్నది న్యాయమూర్తి ముందే తూచుకుంటారు. "పాతికేళ్లుగా చూస్తున్నాను, నాకు తెలుసు" అన్న జవాబుతో బోను దిగిన అధికారులు ఆ తర్వాత ఇబ్బంది పడ్డారు.

ఎవరు చేయగలరు

ఎన్‌ఎఫ్‌పీఏ 1033 ప్రమాణం ఈ వృత్తికి కనీస అర్హతలు చెబుతుంది: 18 ఏళ్లు నిండి ఉండాలి, హైస్కూల్ చదువు పూర్తయి ఉండాలి, నేపథ్య పరిశీలనలో నిలవాలి. వినడానికి తేలికే. అసలు బరువు తర్వాతి షరతులో ఉంది. దహన రసాయనం, ఉష్ణగతి శాస్త్రం, మంట వ్యాప్తి, పేలుళ్లు, విద్యుత్ వ్యవస్థలు, అగ్ని నిరోధక వ్యవస్థలు, ప్రమాదకర పదార్థాలు, వైఫల్య విశ్లేషణ, సాక్ష్యాల సేకరణ వంటి విషయాల్లో హైస్కూల్ స్థాయిని మించిన జ్ఞానం ఉండాలి, దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా ఉంచుకోవాలి. అగ్నిమాపక సిబ్బందిగా ఇరవయ్యేళ్లు పనిచేసినవారికి మంట ఎలా ప్రవర్తిస్తుందో ఒంటికి తెలుసు, వికిరణ వేడి లెక్క రాదు. ఇంజనీరింగ్ చదివినవారికి లెక్క వచ్చు, కూలిన ఇంట్లో ఎక్కడ అడుగు పెట్టాలో తెలియదు. ఎవరికి ఏది లోటో ముందే గుర్తించి పూడ్చుకోవాలి.

ధ్రువపత్రాల్లో బాగా గుర్తింపు ఉన్నవి రెండు. 1949లో ఏర్పడిన అంతర్జాతీయ ఆర్సన్ (కావాలని నిప్పు పెట్టడం) ఇన్వెస్టిగేటర్ల సంఘం ఇచ్చే సీఎఫ్ఐ (సర్టిఫైడ్ ఫైర్ ఇన్వెస్టిగేటర్) ఒకటి, అమెరికా జాతీయ ఫైర్ ఇన్వెస్టిగేటర్ల సంఘం ఇచ్చే సీఎఫ్ఈఐ (సర్టిఫైడ్ ఫైర్ అండ్ ఎక్స్‌ప్లోజన్ ఇన్వెస్టిగేటర్) మరొకటి. సీఎఫ్ఐకి అనుభవం, శిక్షణ, చదువు, కోర్టు సాక్ష్యం వంటివాటికి పాయింట్లు లెక్కగట్టి, పరీక్ష పెడతారు. రెండింటినీ ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఏటీఎఫ్ తన అధికారులకు ఇచ్చే శిక్షణ వీటన్నిటికంటే కఠినం: రెండేళ్ల కాలంలో కనీసం 100 ఘటనాస్థలాల్లో పనిచేసి ఉండాలి. సీనియర్ పోస్టుకు సాధారణంగా కొన్నేళ్ల పూర్తిస్థాయి దర్యాప్తు అనుభవం, పర్యవేక్షణ శిక్షణ, అరెస్టు అధికారం ఉన్న చోట్ల పోలీసు అకాడమీ ధ్రువపత్రం అడుగుతారు.

ప్రకటనల్లో కనిపించని అర్హత ఒకటి ఉంది: రాయడం. నివేదికలో చూసినదీ, దాన్నిబట్టి అనుకున్నదీ వేరువేరు పేరాల్లో ఉండాలి. "ఆగ్నేయ మూలలో నేల మీద 40 సెంటీమీటర్ల మేర కార్పెట్ పూర్తిగా కాలిపోయింది" అనేది చూసినది. "పోసిన ద్రవం వల్ల కాలిన మచ్చ" అనేది అనుకున్నది. మొదటి వాక్యం రాయాల్సిన చోట రెండోది రాస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు పట్టుకునేది మొదట దాన్నే. సమీక్షలో సీనియర్ వెతకాల్సినవీ ఇవే: ఏ ప్రత్యామ్నాయాలను పరిశీలించారు, దేన్ని ఏ ఆధారంతో తోసిపుచ్చారు, ఫోటో లాగ్‌లో వరస తప్పిందా, నమూనా డబ్బా మీది సమయం ఆ నమూనా ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లిందో రాసే పట్టికలోని సమయంతో సరిపోతుందా. ఒకే జట్టులో రోజూ కలిసి తిరిగే ఇద్దరు ఒకరి నివేదికను ఒకరు చూసుకోవడం సాంకేతిక సమీక్ష వరకు సరే. దాన్ని స్వతంత్ర నిపుణుడి సమీక్షగా చూపించుకోకూడదు. మరణాలున్న కేసుల్లో, నిప్పు పెట్టారని తేల్చిన ప్రతి కేసులో వేరే విభాగం నుంచి ఒకరిని పిలిచి ఫైలు మొత్తం, ఫోటోలతో సహా, ముగింపు పేజీ తీసేసి ఇవ్వడం మంచి పద్ధతి. వాళ్లు వేరే నిర్ణయానికి వస్తే ఆ ఫైలు ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లకుండా మళ్లీ దర్యాప్తు బల్ల మీదికే రావాలి.